ఉగ్రకేతు గారికి నేను పలికిన స్వాగతం

కొన్ని తప్పులు వయసు వల్ల జరుగుతాయి, కొన్ని గ్రహచారం వల్ల జరుగుతాయి. నేను చెప్పబోయేది ఈ రెండు కోవల్లోనూ చేరదు. అది అచ్చంగా తెలివి వల్ల జరిగింది. ఒక ఆదివారం పొద్దున, ఒక్క పూటలో, ఒక రచయితను అవమానించి, నిక్షేపంగా కాపురం చేసుకుంటున్న ఆలుమగల మధ్య నిప్పు పెట్టి, ఒక పఠన మందిరాన్ని వీధిలోకి ఈడ్చినంత పని చేశాను. అక్కడితో ఆగినా బాగుండేది. సాయంత్రానికి ఇంకొకటి కూడా చేశాను. నవ్వేవాళ్ళు నిస్సంకోచంగా నవ్వండి. జాలిపడే అలవాటున్నవాళ్ళు మాత్రం ఇక్కడే ఆగిపోవడం మంచిది. అప్పటి నేననే ఆ కుర్రవాడు జాలికి తగినవాడు కాడు. వాణ్ణి నాకంటే దగ్గరగా ఎరిగినవాళ్ళు లేరు గనక చెబుతున్నాను.

అది కర్నూలు రాజధాని అయిన కొత్త. గుమాస్తాలు గుడారాల్లో కూర్చుని రాష్ట్రాన్ని నడుపుతున్నారు. పశువుల కొట్టాలకు సున్నం కొట్టి అద్దెకిస్తే దండం పెట్టి మరీ తీసుకుంటున్నారు. ఆ రోజుల్లో ఊరు మొత్తం మీద ఖాళీగా ఉన్న జాగా ఏదైనా ఉందంటే అది నా తలకాయ ఒక్కటే. దాన్ని నేను నవలలతో నింపాను.

నవలలంటే పెద్దవాళ్ళు వాలుకుర్చీలో చదివి నిట్టూర్చేవి కావు. మా ఈడు పిల్లల కోసం మద్రాసులో అచ్చయి, బస్సు టాపు మీద ఉల్లిపాయల మూటల పక్కన ప్రయాణం చేసి వచ్చే సాహస నవలలు. అట్ట మీద కత్తి, గుర్రం, గుహ ఈ మూడింట్లో రెండైనా లేకపోతే ఆ పుస్తకాన్ని నేను ముట్టేవాణ్ణి కాదు. మూడూ ఉంటే అన్నం ముట్టేవాణ్ణి కాదు. పుస్తకం హస్తభూషణం అన్నారు పెద్దలు. చేతిలో ఉన్నంతసేపూ భూషణమే. నెత్తికెక్కితే ఏమవుతుందో ఆ పెద్దలు చెప్పలేదు. నన్ను చూడలేదు గనక చెప్పలేదు.

ఆ నవలలు రాసేవాళ్ళలో ఇద్దరు ఘనులుండేవారు. ఒకరు అరుణహాసం, ఇంకొకరు ఉగ్రకేతు. రెండూ కలం పేర్లే. అసలు మనుషులెలా ఉంటారో ఎవరూ చూడలేదు. మా పదహారేళ్ళ లోకం ఈ ఇద్దరి పేర్ల మీద రెండుగా చీలిపోయింది. అరుణహాసం వర్గానికి నాయకుడు మస్తాన్, నా సహాధ్యాయి, నా స్నేహితుడు, నా బద్ధశత్రువు. ఆ అరుణహాసం రాసేదంతా తప్పిపోయిన పిల్లల కథలు. కథానాయకుడు పేజీకొకసారి ఏడుస్తాడు. ఏడ్చేవాణ్ణి చూడడానికి పుస్తకం కొనాలా, లెక్కల పరీక్ష రోజున నన్ను చూస్తే చాలదా? ఈ మాటే మస్తాన్‌తో అన్నాను. మస్తాన్ నెమ్మదిగా, "ఏడిస్తేనే గదప్పా వాడు మనిషని తెలిసేది" అన్నాడు. ఇలాంటి పిరికి మాటలు మాట్లాడేవాళ్ళతో దేశం ఎలా బాగుపడుతుందని నేను చాలా రోజులు బెంగపడ్డాను.

నాది ఉగ్రకేతు వర్గం. ఆయన కథానాయకుడు ప్రచండుడు. మా ఈడువాడే. కానీ ఎదటి మనిషి చెప్పుల మీది దుమ్ము చూసి వాడు ఏ ఊరినుంచి వచ్చాడో, ఏం తిన్నాడో, ఎవర్ని చంపాలనుకుంటున్నాడో గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తాడు. ఎవర్నీ ఏమీ అడగడు. "అడిగి తెలుసుకునేవాడు బంట్రోతు, చూసి తెలుసుకునేవాడు ప్రచండుడు" అనేది మా వర్గం మూలమంత్రం. ఆ మంత్రం పట్టుకుని నేను మా వీధిలో పరిశోధనలు మొదలుపెట్టాను. ఎదురింటి ఆయన చెప్పులకు ఎర్రమట్టి ఉంటే ఆయన ఓర్వకల్లు కొండల్లోకి రహస్యంగా పోయి వస్తున్నాడని తేల్చి నలుగురికీ చెప్పాను. పాపం, ఆయన ఇంటి పెరట్లో అరుగు కట్టించుకుంటున్నాడు. ఆ మట్టి తొక్కాడు. ఆయన నన్ను ఏమీ అనలేదు గాని, మా నాయన అన్నాడు. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఆయన ప్రతి ఆదివారం అనేవాడు. నిజానికి పోవడానికి ముందు అది ఉన్నట్టు ఎక్కడా సాక్ష్యం లేదు.

సరే, అసలు సంగతికి వస్తాను. ఓర్వకల్లు తట్టు బోలెడు భూములుండి, కర్నూల్లో మిద్దె కట్టుకుని ఉంటున్న ఓబుళరెడ్డి గారు తమ ఇంటి ముందు హాలును మా కుర్రవాళ్ళకు పఠన మందిరంగా ఇచ్చారు. ఆయనకు చదువు మీద ప్రేమ ఉండి కాదు. రాజధాని వచ్చింది, మంత్రులు వచ్చారు, ఏదో ఒక సంస్థకు అధ్యక్షుడు కాని పెద్దమనిషిని ఎవరూ సభలకు పిలవడం లేదు. అందుకని ఆయన అధ్యక్షుడయ్యారు. అందరికంటే పెద్ద గొంతు నాది గనక నేను కార్యదర్శినయ్యాను. వార్షికోత్సవానికి ఎవరిని పిలవాలని మాట వచ్చినప్పుడు ఉగ్రకేతు గారిని పిలవకపోతే రాజీనామా చేస్తానని బెదిరించాను. పుస్తకాల ప్రచురణకర్తకు రాస్తే ఆయన మా ఆహ్వానాన్ని రాజంపేటకు పంపాడు. అక్కణ్ణుంచి కార్డు వచ్చింది. ఆదివారం పొద్దున నంద్యాల మీదుగా వచ్చే బస్సులో వస్తున్నాను, ఉగ్రకేతు. అంతే ఉంది దాని మీద. ఆ కార్డును నేను చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాను. చెమటకు సిరా కరిగి చొక్కా పాడయింది. ఆ మరకను ఉతకనివ్వలేదు.

బస్టాండుకు ఎవరు పోవాలి? ఇంకెవరు, నేనే. మస్తాన్ ఒక అట్టముక్క మీద పఠన మందిరం పేరు రాసి, పట్టుకుని నిలబడమన్నాడు. నేను నవ్వాను. "అంత గొప్పాయన్ను కనుక్కోనీకి నాకు అట్ట గావాల్నా?" అన్నాను. పోనీ, దిగినవాళ్ళను పేరైనా అడగమన్నాడు. ఒక మహారచయితను పట్టుకుని మీ పేరేమిటని అడగడం కంటే తుంగభద్రలో దూకడం మేలన్నాను. తుంగభద్రలో అప్పుడు మోకాలి లోతు నీళ్ళు కూడా లేవనుకోండి.

బస్సు వచ్చింది. నేను ప్రచండుడిలాగా చేతులు కట్టుకుని, కళ్ళు సగం మూసుకుని ఒక స్తంభాన్ని ఆనుకున్నాను. ఇద్దరు నన్ను మందెక్కిందేమోనని చూసి పక్కకు తప్పుకున్నారు.

మొట్టమొదట దిగింది ఒక నడివయసు ఆమె. నేత చీర, చంకలో గొడుగు, ఒక చేతిలో బుట్ట, ఇంకో చేతిలో గుడ్డసంచి. చకచకా నా దగ్గరికే వచ్చి, "ఏం నాయనా, పిల్లోళ్ళ పఠన మందిరం యాడుండాది ఈడ?" అని అడిగింది.

నేను ఆమెను పైనుంచి కింది దాకా చూశాను. నా బుర్రలో చక్రాలు గిర్రున తిరిగాయి. చేతిగోళ్ళు పొట్టిగా కత్తిరించి ఉన్నాయి. నడకలో తొందర. కుడిచేతి వేళ్ళకు ఊదారంగు మరక. ఇంకేం కావాలి?

"అమ్మా, మీకెవురో తప్పు జెప్పినారు. మీరు పోవాల్సింది పెద్దాసుపత్రికి. ఆ తట్టు పోండి" అన్నాను.

"ఆసుపత్రి ఎందుకప్పా?"

"మీరు మంత్రసానమ్మ గదా. ఆ వేళ్ళ మీదుండేది పుండ్లకు పూసే ఊదామందు. చెప్పకపోయినా తెలుస్తాంది."

ఆమె తన వేళ్ళను తిప్పి చూసుకుంది. తర్వాత నన్ను చూసింది. వింత వస్తువును చూసినట్టు కాదు, ఇంకా వింతైన దాన్ని చూసినట్టు. "బాగా కనుక్కున్నావే. ఈ ఇద్దె ఎవురు నేర్పినారు నీకు?" అంది.

"ఉగ్రకేతు గారు" అన్నాను, ఆయన నాకు మేనమామ అయినట్టు.

"ఆయప్ప శానా గొప్పోడా?"

"మీకు జెప్పినా తెలీదు లెండి. ఆడోళ్ళకు ఆయన పుస్తకాలు అర్థం గావు."

ఆమె తల ఊపింది. పఠన మందిరం దారి మాత్రం చెప్పమని మళ్ళీ అడిగింది. ఈ మొండితనానికి విసుగొచ్చి, ఎవరినైనా అడుక్కోండని మొహం తిప్పుకున్నాను. ఆమె గొడుగు విప్పుకుని వెళ్ళిపోయింది.

చదువుతున్న మీకు విషయం ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. మీరు తెలివిగలవాళ్ళు. నాకు తెలియడానికి ఇంకా చాలా సేపు పట్టింది, పైగా ఊరందరి సమక్షంలో తెలిసింది.

ఆమె తర్వాత సంసారులు, మూటలు, ఒక మేకపోతు దిగాక, ఆయన దిగాడు. ఆరడుగుల మనిషి. తలపాగా. మీసాలు రెండు వైపులా తేలు కొండెల్లా లేచి ఉన్నాయి. నుదుటి మీద అడ్డంగా పాత గాయం మచ్చ. భుజాన ఎర్ర తువ్వాలు, చేతిలో పొన్ను వేసిన కర్ర. దిగీ దిగగానే చుట్టూ ఉన్న ప్రతి ప్రాణినీ ఎగాదిగా కొలిచినట్టు చూశాడు. నాకు ఒళ్ళు జలదరించింది. ఆ మచ్చ గుహలో దొంగలతో పోరాడినప్పుడు పడిందే. ఆ చూపు ప్రచండుణ్ణి పుట్టించిన చూపే. నేను స్తంభానికి తగిలించిన పూలదండ తీసి, వీపు వెనక దాచుకుని ముందుకు నడుస్తుండగానే ఆయన, "అబ్బీ, ఓబుళరెడ్డి ఇల్లు యాడ?" అన్నాడు.

అంతే, సందేహాలన్నీ తీరిపోయాయి. మా అధ్యక్షుడి పేరు ఆయనకు ఇంకెలా తెలుస్తుంది? నేను వంగి కాళ్ళకు దండం పెట్టి మెడలో దండ వేశాను.

ఆయన ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. పోయినేడు తిరునాళ్ళలో కూడా వేశారన్నాడు. గొప్పవాళ్ళు ఇలాగే ఉంటారు కాబోలు అనుకున్నాను. నిజమేమిటో ఇప్పుడే చెప్పేస్తాను, మిమ్మల్ని తికమక పెట్టి నాకు ఒరిగేదేముంది. ఆయన పేరు పుల్లయ్య. జమ్మలమడుగు తట్టు పేరుమోసిన ఎద్దుల దలారీ. ఎద్దులు కొనేవాళ్ళకూ అమ్మేవాళ్ళకూ మధ్య బేరం కుదిర్చేవాడు. ఆ నుదుటి మచ్చ ఒక కోడె ప్రసాదించింది. ఓబుళరెడ్డి గారు తన జత ఎద్దులు చూసిపొమ్మని ఆయనకు రహస్యంగా కబురు పెట్టారు. అదే ఆదివారం మా ఉత్సవమని రెడ్డి గారికి గుర్తుందో లేదో. పుల్లయ్యను ఆయన అంతకు ముందు చూడలేదు.

జట్కా పిలిచాను. ఆయన ఎక్కే ముందు గుర్రం మూతి పట్టుకుని నోరు తెరిచి పళ్ళు చూశాడు. ప్రచండుడు గుర్రమెక్కే ముందు సరిగ్గా ఇలాగే పరీక్షిస్తాడు. నా కళ్ళు చెమ్మగిల్లాయి. జట్కా సాయిబు మాత్రం, గుర్రం కొనడానికి వచ్చావా, బండెక్కడానికి వచ్చావా అని గొణిగాడు.

దారిలో నేను ఆగలేకపోయాను. "సార్, ఇంగ రాబోయే దాంట్లో జత ఎట్లుంటాది?" అన్నాను. రాబోయే నవలలో ప్రచండుడికి తోడు ఇంకొక వీరుణ్ణి పెడతారని మా వర్గంలో పుకారు.

పుల్లయ్య తీరిగ్గా మీసం దువ్వాడు. "జతంటే రెండూ ఒకే ఈడువి గావాల. ఒగటి ముందరికి లాగి ఇంగోటి ఎనక్కి తీస్తే పని జరగదు."

"మరి ఒగరి బలం ఎట్ల తెలుస్తాది సార్?"

"కాడి మెడ మీద పడితే గాని ఎవుడెంతో తెలీదబ్బీ. పడక ముందు అందురూ రంకె లేసేటోళ్ళే."

నేను పరవశించిపోయాను. ఏం వాక్యం. దాన్ని మందిరం గోడ మీద రాయించాలనుకున్నాను. ఇంకా ఆయన, పళ్ళు చూడందే ఎవర్నీ నమ్మననీ, సుడి బాగుండకపోతే ఎంత అందగాడైనా ఇంటికి అరిష్టమనీ చెప్పాడు. పశువుల ఒంటి మీద వెంట్రుకల సుడులు చూసి మంచిచెడ్డలు చెబుతారని నాకు తెలియదు. మనిషి తలరాత గురించి అంటున్నాడనుకున్నాను. చివరకు నా భుజం నొక్కి చూసి, "నువ్వు శానా బక్కగుండావు. దాణా సాలడంలేదా?" అన్నాడు. మహారచయిత నా ఆరోగ్యం గురించి అడిగాడన్న సంతోషంలో దాణా అన్న మాట నా చెవిన పడలేదు.

మందిరం కిటకిటలాడుతోంది. ఒక పక్కన ఆడవాళ్ళు, వాళ్ళలో ముందు ఓబుళరెడ్డి గారి భార్య లక్ష్మీదేవమ్మ గారు. ఆమె పక్కన చూద్దును గదా, బస్టాండులోని మంత్రసానమ్మ. గొడుగు ఒళ్ళో పెట్టుకుని హాయిగా కూర్చుంది. నేను మస్తాన్‌ను పక్కకు పిలిచి ఆమెను ఎవరు రానిచ్చారని కసిరాను. ఉగ్రకేతును చూడడానికి వచ్చానని చెప్పిందనీ, అందుకని కుర్చీ వేశాననీ అన్నాడు. తర్వాత పుల్లయ్యను చూసి, పేరు అడిగావా అన్నాడు. అసూయ ఎన్ని రూపాలుగా ఉంటుందో అనుకున్నాను.

ఓబుళరెడ్డి గారు స్వాగతోపన్యాసం చేశారు. ఒక్క నవలా చదవని మనిషి గనక ఎక్కడా తడబడలేదు. ఈయన చెయ్యి పడితే ఎంతటి బక్కప్రాణమైనా లేచి పరుగెత్తుతుందన్నారు. అది నేను రాసిచ్చిన వాక్యమే, పాత్రల గురించి. పుల్లయ్య అవునన్నట్టు తల పంకించాడు. తర్వాత రెండు మాటలు చెప్పమంటే లేచి నిలబడి, కర్ర ఆనుకుని మొదలుపెట్టాడు.

"కోడెలు కొత్తలో మొరాయిస్తాయి. కొడితే ఇంగా మొండికేస్తాయి. మెడ నిమిరి, పేరు పెట్టి పిలిచి, నిదానంగా కాడి అలవాటు జేయాల. మా నాయన నాకు జెప్పింది ఇదే."

చప్పట్లు మోగిపోయాయి. ముందు వరసలో ఉన్న మా తెలుగు అయ్యవారు వెనక్కి తిరిగి, కోడె అంటే యువకుడనీ, కాడి అంటే సంసార బాధ్యత అనీ, ఇది మామూలు వాళ్ళకు అందే ధోరణి కాదనీ అందరికీ వినపడేలా చెప్పారు. మామూలు వాళ్ళంతా అందినట్టే తలలూపారు. పుల్లయ్య ఆ తర్వాత గిట్టలు చీలితే వేపపసరు పుయ్యాలని చెప్పాడు. అయ్యవారు దానికి కూడా ఒక అర్థం చెప్పారు. ఏమిటో నాకు గుర్తులేదు, అయ్యవారికి అప్పుడైనా తెలుసో లేదో.

అప్పుడు పుల్లయ్య, "ఇంగ మాటలు సాలు" అని ఓబుళరెడ్డి గారి వైపు తిరిగాడు. ఆయన కరచాలనం కోసమనుకుని చెయ్యి చాపారు. పుల్లయ్య ఆ చెయ్యి పట్టుకుని, భుజం మీది ఎర్ర తువ్వాలు తీసి రెండు చేతుల మీద కప్పాడు.

పశువుల సంతలో బేరం నోటితో జరగదు. తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని ఒకరి ధర ఒకరు చెప్పుకుంటారు. పక్కవాడికి కూడా తెలియదు. ఓబుళరెడ్డి గారు ఎంత అధ్యక్షుడైనా ముందు రైతు. మనసుకు అందకముందే ఆయన చేతికి విషయం అందింది. మొహం మాత్రం సభాధ్యక్షుడి చిరునవ్వు నవ్వుతూనే ఉంది, తువ్వాలు కింద వేళ్ళు మాత్రం బేరంలో పడిపోయాయి. పుల్లయ్య నొక్కుతాడు, ఈయన తల అడ్డంగా ఊపుతారు. ఈయన నొక్కుతారు, పుల్లయ్య నాలుక చప్పరిస్తాడు. సభంతా ఊపిరి బిగబట్టింది. ఇది ఉగ్రకేతు గారి రహస్య సంకేత భాష అని నేను పక్కవాళ్ళకు వివరిస్తున్నాను.

"బేరం కుదిరింది" అని పుల్లయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ఎద్దులు యాడ కట్టేసినారు రెడ్డీ? పళ్ళు జూసుకోని, పొద్దు వాలేలోగా తోలుకోని పోవాల."

ఆడవాళ్ళ వైపు నుంచి లక్ష్మీదేవమ్మ గారు లేచారు. ఆ ఎద్దులు ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఆవు ఈనినవి. వాటికి ఆమె చేత్తో బెల్లం పెట్టందే తెల్లవారదు. రెడ్డి గారు మంత్రుల వెంట తిరగడానికి జీపు కొనాలనుకుని, ఆమెకు తెలియకుండా వాటిని సాగనంపబోయారు. "ఏ ఎద్దులు? ఎవుర్నడిగి అమ్ముతాండావు?" అంది ఆమె. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేదని రెడ్డి గారి మొహం చెప్పింది. ఆయన నా వైపు తిరిగి, "ఈయప్ప పుస్తకాలు రాసేటాయన గాదా?" అన్నారు.

పుల్లయ్య నాకంటే ముందే చెప్పాడు. "పుస్తకాలా? నాకు సంతకం గూడా రాదు. వేలిముద్రే."

అందరూ నన్ను చూశారు. ఆ చూపుల కింద నేను ఎంత చిన్నగా అయిపోయానంటే, మా అయ్యవారు దానికి అర్థం చెప్పాలన్నా కనిపించనంత. ఓబుళరెడ్డి గారికి కోపం తీర్చుకోవడానికి నాకంటే సులువైనవాడు ఎవరు దొరుకుతారు? రేపటికల్లా హాలు ఖాళీ చెయ్యాలనీ, బల్లలు, బీరువా వీధిలో పెట్టిస్తాననీ ప్రకటించారు. మా కుర్రవాళ్ళ మొహాలు పాలిపోయాయి. అంతవరకు నా గురించే దిగులుపడుతున్న నాకు అప్పుడు మొదటిసారి వాళ్ళు కనిపించారు. ఇంట్లో పుస్తకం కొనే స్తోమత లేనివాళ్ళు సగం మంది. ఆ బీరువా తప్ప వాళ్ళకు ఇంకో గతి లేదు. గొంతు పెద్దదని కార్యదర్శినైన నా గొంతులోంచి మాట రాలేదు.

మస్తాన్ మెల్లగా, "మరి అసలు రచయిత యాడ?" అన్నాడు.

"ఈడనే ఉండాను నాయనా" అని మంత్రసానమ్మ లేచింది. "నా పేరు వెంకటసుబ్బమ్మ. రాజంపేటలో ఆడపిల్లోళ్ళకు పాఠాలు జెప్తాను. ఉగ్రకేతును నేనే. ఆడమనిషి పేరు పెడితే మొగపిల్లోళ్ళు కొనరని అచ్చేసేటాయన ఈ పేరు తగిలించినాడు." తర్వాత వేళ్ళు చూపించింది. "ఇది ఊదామందు గాదు. పెన్ను కారుతాంది."

నేలలోకి కుంగిపోవాలనిపించింది. కర్నూల్లో నేల బండరాయి గనక అదీ కుదరలేదు. నేను ఆమె దగ్గరికి పోయి, ప్రచండుడిలాగా కనిపెట్టాలనుకున్నానని గొణిగాను. ఎందుకు తప్పిందో తెలియలేదన్నాను. అప్పుడు కూడా నాకు కావలసింది క్షమాపణ కాదు చూడండి, కిటుకు.

ఆమె నవ్వకుండా చెప్పింది. "దొంగ ఎవురనేది ముందు నేను రాసి పెట్టుకుంటాను. ఆ తరువాత వాడు కనుక్కుంటాడు. నీకు ముందర రాసి పెట్టేటోళ్ళు ఎవురుండారు? నువ్వు అడగాల్సిందేనప్పా."

సభ నవ్వింది. లక్ష్మీదేవమ్మ గారు మాత్రం నవ్వలేదు. ఆమె వెంకటసుబ్బమ్మ గారి చెయ్యి పట్టుకుని, ఒక ఆడమనిషి ఇన్ని పుస్తకాలు రాసిందా అని మళ్ళీ మళ్ళీ అడిగింది. తర్వాత మొగుడి వైపు తిరిగి తీర్పు చెప్పింది. ఎద్దులు కదలవు. మందిరం కూడా కదలదు. పైపెచ్చు మధ్యాహ్నాలు ఆడపిల్లలు వచ్చి చదువుకుంటారు. ఓబుళరెడ్డి గారు ఈ మూడింటినీ తన సొంత నిర్ణయాలుగా సభకు ప్రకటించారు. బేరం చెడినందుకు పుల్లయ్య ఏమీ బాధపడలేదు. వడ, కాఫీ పుచ్చుకుని, దండ మెడలోనే ఉంచుకుని వెళ్ళిపోయాడు. పోతూ పోతూ మా అయ్యవారి భుజం కూడా నొక్కి చూశాడు. మస్తాన్ కార్యదర్శి అయ్యాడు.

ఇక్కడితో అయిపోతే ఇది నీతికథ అయ్యేది. అనుభవమైతే గాని తత్త్వం బోధపడదంటారు. అనుభవమైనా బోధపడని జాతి ఒకటుంది, అందులో నేను ముఖ్యుణ్ణి.

సాయంత్రం ఆమెను బస్సెక్కించే పని బతిమాలి నేనే తీసుకున్నాను. తప్పు దిద్దుకోవాలి గదా. బుట్ట నెత్తిన పెట్టుకుని వినయంగా వెంట నడిచాను. రాజంపేటకు కడప బస్సు ఎక్కాలి. బస్టాండులో రెండు బస్సులున్నాయి. ఒకదాని బోర్డు రెండోదాని చాటున పడింది, పైగా డ్రైవరు లేడు. రెండోదానికి బోర్డు లేదు గాని బయల్దేరబోతోంది. ఆమె, కండక్టరును అడగమంది. కండక్టరు టీ తాగుతున్నాడు. అంత చిన్న విషయానికి ఆయన్ను ఇబ్బంది పెట్టడం ఎందుకని నేను చక్రాల వైపు చూశాను. నల్లరేగడి మట్టి. నంద్యాల, కడప తట్టు నేల. లోపల ఆడవాళ్ళు పూలు, టెంకాయలు పెట్టుకుని కూర్చున్నారు. పెళ్ళివారు. ఇదే కడప బస్సమ్మా అని చెప్పి కిటికీ పక్కన కూర్చోబెట్టి, దండం పెట్టాను. ఆమెకు కూడా నామీద జాలి కలిగి నమ్మినట్టుంది. బస్సు కదిలింది. దుమ్ము అణిగాక, చాటు తొలగిన మొదటి బస్సు బోర్డు కనిపించింది. కడప.

వెళ్ళినది మహానంది యాత్రికుల బస్సు. నంద్యాల దాకా దారి ఒకటే గనక ఆమెకు అనుమానం రావడానికి కూడా వీల్లేదు. నేను రోడ్డు మీద కొంతదూరం పరుగెత్తాను. ప్రచండుడైతే అందుకునేవాడు. నాకు రాళ్ళు అందాయి.

కొన్నాళ్ళకు కార్డు వచ్చింది, కొత్త కార్యదర్శి పేరు మీద. మస్తాన్ నాకు చదివి వినిపించాడు. మహానందికి పోవాలని ఎన్నేళ్ళుగానో అనుకుంటున్నాననీ, బడి వల్ల వీలు కాలేదనీ, ఈ పిల్లవాడి పుణ్యమా అని కోనేటి స్నానం, స్వామి దర్శనం అయ్యాయనీ రాశారు. సత్రంలో కొత్త నవల కూడా మొదలుపెట్టారట. అందులో ప్రచండుడికి ఒక సహాయకుణ్ణి పెడుతున్నారట. వాణ్ణి చూసి దొంగలు భయపడరు, ప్రచండుడే భయపడతాడు అని ఆఖరి వాక్యం.

ఆ క్షణాన, అరుణహాసం వర్గం నాయకుడి సాక్షిగా, తుంగభద్రలో ఉన్నన్ని నీళ్ళు చేతిలోకి తీసుకుని ప్రతిజ్ఞ చేశాను. ఇక ఈ జన్మలో ఏ మనిషినీ చూసి ఎవరో కనిపెట్టను, ఏ బండినీ చూసి ఎక్కడికి పోతుందో కనిపెట్టను. దేవుడు నోరిచ్చింది అడగడానికే గనక అడుగుతాను, అందరినీ అడుగుతాను, సిగ్గు విడిచి అడుగుతాను. ఈ ఒట్టును ఇన్నేళ్ళుగా అక్షరం తప్పకుండా పాటిస్తున్నాను. నా పెళ్ళిలో పురోహితుడు తెర తీయగానే, ఎదురుగా తల వంచుకుని కూర్చున్న అమ్మాయిని ముందుగా పేరు అడిగాను. చెప్పింది. సరైన పెళ్ళిపందిరే.